ఐదు రూపాయల కవరు: మనం కట్టేదెంత, ఊరు కట్టేదెంత?

కృష్ణలంక_క్రాంతి
సూపర్‌మార్కెట్ బిల్లులో ఆఖరి లైను: "క్యారీ బ్యాగ్ 5.00". దాని మీద కొట్టు పేరు అరచేయంత అక్షరాల్లో. వాళ్ళ బోర్డు మనం డబ్బులిచ్చి మోస్తున్నామన్నమాట. బయటికొస్తే జామకాయల బండి దగ్గర ఉల్లిపొరలాంటి కవరు ఉత్తినే, ఒకటి చాలదని రెండు తొడిగి మరీ ఇస్తారు. రెండు ప్రశ్నలు. ఆ ఐదు రూపాయలు తీసుకోవచ్చా? ఉత్తినే వచ్చిన కవరు ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతోంది? "పర్యావరణానికి చేటు" అనే మాట వద్దు, అది అందరికీ తెలుసు. లెక్క కావాలి.

మైక్రాన్_మావ
మొదటిదానికి జవాబు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో 15వ నిబంధన అని ఒకటుండేది. కవర్లు ఇవ్వదలుచుకున్న కొట్టు మునిసిపాలిటీలో నమోదు చేసుకుని నెలకు 4,000 లెక్కన ఏడాదికి కనీసం 48,000 కట్టాలి, కవరు డబ్బుకే ఇస్తామని బోర్డు పెట్టాలి. 2018 సవరణలో దాన్ని ఎత్తేశారు. కాబట్టి కేంద్ర నిబంధనల్లో ఇప్పుడు "తీసుకో" అనీ లేదు, "తీసుకోకు" అనీ లేదు.

గొడవంతా ధర ఎప్పుడు చెప్పారన్న దగ్గరే. సరుకులన్నీ ఏరుకుని కౌంటరు దాకా వచ్చాక అప్పుడు కవరు ధర చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తేల్చింది. మన సంచి లోపలికి రానివ్వకుండా చివర్లో కవరు అంటగట్టడం ఆ కేసులో అసలు పేచీ. గుమ్మం దగ్గరే ధర కనపడితే ఫిర్యాదుకి బలం తగ్గిపోతుంది.

బూడిద_గుమ్మడి
గుమ్మం దగ్గర బోర్డు ఉంటుంది మావా. దాని ముందు ఆఫర్ బియ్యం బస్తాలు పేర్చి ఉంటాయి.

కిరాణా_కొట్టు
అందరూ కొట్టువాడి మీదే పడతారు. కవరు లేదంటే అరకిలో కందిపప్పు కూడా కౌంటరు మీదే వదిలేసి పక్క కొట్టుకి పోతారు. పక్క కొట్టువాడు ఇస్తాడు. నాకు ఒక సందేహం, కవరు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలన్న నిబంధన ఎవరికి పనికొచ్చింది? దళసరి కవరంటే ప్లాస్టిక్ ఎక్కువే కదా?

ఫిల్మ్‌ప్లాంట్_ప్రసాద్
ఎక్కువే. అక్కడే కిటుకు. లెక్క చూడండి.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 30×40 సెంటీమీటర్ల కవరు అనుకుందాం. రెండు పొరలూ కలిపి 2,400 చదరపు సెంటీమీటర్లు. గరగరలాడే హెచ్‌ఎం రకం పాలిథీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 0.95 గ్రాములు. అప్పుడు 20 మైక్రాన్ల కవరు 4.6 గ్రాములు, కిలోకి దాదాపు 220 వస్తాయి. 50 మైక్రాన్లది 11.4 గ్రాములు, కిలోకి 88. 120 మైక్రాన్లది 27.4 గ్రాములు, కిలోకి 36.

సరుకు కిలో 150 అనుకోండి (దాణా, అంటే కవర్లు చేసే ప్లాస్టిక్ గుళికల రేటు వారానికోసారి మారుతుంది, కాబట్టి ఇది లెక్క కోసమే). పలుచటిది 68 పైసలు పడుతుంది. 120ది నాలుగు రూపాయల పైన. 68 పైసలది ఎవడైనా ఉత్తినే ఇస్తాడు, నాలుగు రూపాయలది ఇవ్వడు. మందం పెంచడం అంటే చుట్టూ తిప్పి ధర పెంచడమే.

రెండోది ఏరుకునేవాళ్ళ లెక్క. 220 ఏరితే కిలో. పైగా 4.6 గ్రాముల కవరుకి అంతకు మించి మట్టీ తడీ అంటుకుని ఉంటాయి. కడిగి ఆరబెట్టేసరికి సరుకు విలువ కంటే ఖర్చే ఎక్కువ. అందుకే పాత సామాన్ల వాడు ముట్టుకోడు. 36 ఏరితే కిలో అంటే వంగుతాడు.

మైక్రాన్_మావ
ప్రసాద్ చెప్పినదానికి తేదీలు. కనీస మందం 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. 2022 జులై 1న నిషేధించింది వేరే జాబితా. స్ట్రాలు, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, మిఠాయి డబ్బాలకు చుట్టే పొర, 100 మైక్రాన్ల లోపు బ్యానర్లు, అలంకరణ థర్మకోల్ వగైరా. క్యారీ బ్యాగుల్ని కేంద్రం పూర్తిగా నిషేధించలేదు, మందం పెంచుకుంటూ పోయింది. ఈ రెండూ కలిపేసి "కవర్లు నిషేధం, మరి ఎందుకు అమ్ముతున్నారు" అని రోజూ ఎక్కడో ఒక చోట కొట్లాట.

బూడిద_గుమ్మడి
ఇదే వరసలో పోతే 2040కి కవరు రేకు డబ్బా అవుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ కవరుకి పిడి వేయించుకోవచ్చు.

కిరాణా_కొట్టు
సరే, 120 అని అచ్చేసి 50ది అంటగడుతున్నారు. చేత్తో పట్టుకుంటే తెలియదు. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి మందం కొలిచే గేజీ పెడితే జరిమానా నాకు, సప్లయిర్‌కి కాదు. కొట్టులో తేల్చుకునే దారి ఉందా?

ఫిల్మ్‌ప్లాంట్_ప్రసాద్
ఉంది, తక్కెడ చాలు. మీ దగ్గర ఎలాగూ ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది, అయితే ఒక గ్రాము తేడా చూపేది కావాలి. ఐదు గ్రాముల మెట్లు వేసే పెద్ద కాటా పనికిరాదు.

ఒక కట్టలోంచి వేరువేరు చోట్ల నుంచి కవర్లు తీయండి. పిడి, అడుగు అతుకు వదిలేసి నడిమి భాగంలో 10×10 సెంటీమీటర్ల ముక్కలు, ఒక్క పొర చొప్పున పది కోయండి. పదీ కలిపి 120 మైక్రాన్లయితే 11.4 గ్రాములు తూగాలి. 75 అయితే 7.1. 50 అయితే 4.75. కాటాలో 5 చూపిస్తే మీకు సగం సరుకు కూడా రాలేదన్నమాట.

కొయ్యకుండా చూడాలంటే: ఒక కవరు గ్రాముల్ని 10,000తో హెచ్చించి, (పొడవు × వెడల్పు × 2 × 0.95)తో భాగించండి. పక్కల్లో మడతలుంటే విప్పి పరిచిన వెడల్పు తీసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

పూడికతీత
ఒక మాట కలుపుతా. స్క్రూ గేజీ ఉన్నా ఒక్క పొర కొలవకండి, దాని కనీస కొలత 10 మైక్రాన్లు. పది పొరలు పెట్టి కొలిచి పదితో భాగించండి.

ఫిల్మ్‌ప్లాంట్_ప్రసాద్
అవును. బరువు లెక్కలో కూడా ఒక బొక్క ఉంది. సుద్దపొడి (కాల్షియం కార్బొనేటు) కలిపితే సాంద్రత పెరుగుతుంది, పలుచటి కవరు కూడా బరువు తూగుతుంది. పాలలా తెల్లగా ఉండి, మడిచి గోటితో గీస్తే గీత ఇంకా తెల్లగా పడితే సుద్ద ఎక్కువని అనుమానించండి. అప్పుడు గేజీయే దిక్కు.

మైక్రాన్_మావ
కొట్టువారికి ఇంకో ఆధారం. ప్రతి కవరు మీద తయారీదారు పేరు, నమోదు సంఖ్య, మందం ఉండాలి. రీసైకిల్ సరుకుతో చేసినదైతే ఆ మాట, ఐఎస్ 14534 ముద్ర కూడా. ఏమీ లేని నున్నటి కవరైతే కొలవనక్కర్లేదు, తిప్పి పంపేయండి. బిల్లు లేకుండా కొన్నారంటే మాత్రం జరిమానా మీదే.

నాలా_పక్కిల్లు
మైక్రాన్లు గ్రాములు సరే గాని, అసలు ప్రశ్నకు జవాబేది? ఊరు ఎంత కడుతుంది? హైదరాబాద్‌ల వాన పడితే కవర్ల వల్లే మునిగినం అంటరు. నాకైతే నమ్మకం లేదు. నాలాల పోసేది బిల్డర్ల మట్టి, ఇటుక ముక్కలు. ఆఖరికి తప్పు కవరు మీదికి తోస్తరు.

పూడికతీత
మీరన్నది సగం నిజం. నాలాలోంచి తీసిన పూడికలో ఘనపరిమాణం చూస్తే మట్టి, రాళ్ళే ఎక్కువ. కవరు బరువులో లెక్కలోకే రాదు. కానీ ఆ మట్టి అక్కడే ఎందుకు నిలిచిందో చూడాలి.

వాననీరు రోడ్డు అంచు నుంచి కాలువలోకి దిగేచోట ఇనుప జాలీ ఉంటుంది. 45×45 సెంటీమీటర్లది అనుకోండి, 2,025 చదరపు సెంటీమీటర్లు. పైన ప్రసాద్ చెప్పిన 30×40 కవరు మడత విప్పకుండా పరుచుకుంటే 1,200, అంటే జాలీలో అరవై శాతం. చిరిగి విచ్చుకుంటే 2,400, జాలీ విస్తీర్ణం కంటే ఎక్కువే. నాలుగున్నర గ్రాముల వస్తువు. నీటి ఒత్తిడి పైనుంచి పడేకొద్దీ అది ఇనుముకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఆకులు, కాగితాలు అలా అతుక్కోవు, నాని చిరిగిపోతాయి.

లోపలికి జారిన కవరు పైపు అతుకు దగ్గర పొడుచుకొచ్చిన సిమెంటుకో, తూములో బయటపడ్డ కడ్డీకో తగులుకుంటుంది. దాని వెనక నీటి వేగం పడిపోతుంది. మురుగు పైపులు సెకనుకి 0.6 మీటర్ల వేగం దాటేలా వాలు పెట్టి వేస్తారు, ఆ వేగం ఉంటేనే ఇసుక కొట్టుకుపోతుంది. వేగం తగ్గగానే మీరన్న ఆ బిల్డర్ల మట్టి అక్కడే దిగుతుంది. హోటళ్ళున్న వీధైతే నూనె గడ్డకట్టి, జుట్టు చుట్టుకుని మొత్తం ఒక ముద్ద. మట్టి లేకపోతే కవరు అంత చేటు చేయదు, కవరు లేకపోతే మట్టి అంత నిలవదు.

ఖర్చు అంటారా, బిల్లులో "కవరు" అనే పద్దు ఎక్కడా ఉండదు. నీటిని ఒత్తిడితో కొట్టే జెట్టింగ్ యంత్రం గంటల్లో ఉంటుంది, మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే ఎయిర్‌టెక్ బండి డీజిల్‌లో ఉంటుంది, వానాకాలం ముందు పూడికతీత టెండర్లో ఉంటుంది. జెట్ నీటి ఒత్తిడికి పలుచటి కవరు చిరిగి ముందుకు పోతుంది, తర్వాతి మ్యాన్‌హోల్ దగ్గర మళ్ళీ ముద్ద కడుతుంది. దళసరిది చిరగదు, గొట్టానికి చుట్టుకుంటుంది, చేత్తో లాగాలి. తీసిన పూడిక గట్టున వదిలేస్తే తర్వాతి వానకి మళ్ళీ లోపలికే. అంటే రెండుసార్లు కడతాం.

నాలా_పక్కిల్లు
గట్టు మీద వదిలేసుడు గురించి చెప్పినరు సూడు, అది నిజం. ఇగ ఊకుంట.

మైక్రాన్_మావ
ఈ జాలీ కథే బంగ్లాదేశ్‌ని కదిలించింది. 1988, 1998 వరదల్లో మురుగుకాలువలు పూడుకుపోవడంలో పాలిథీన్ సంచుల పాత్ర ఉందని తేల్చుకుని 2002లో పలుచటి సంచుల్ని నిషేధించింది. అలా చేసిన తొలి దేశం అదే. అదే ఏడాది ఐర్లండ్ వేరే దారి పట్టింది. నిషేధం లేదు, సంచికి 15 సెంట్ల పన్ను, అదీ కొనేవాడే కట్టాలి. వాడకం తొంభై శాతం పైగా పడిపోయింది. 2007లో 22 సెంట్లు చేశారు. బంగ్లాదేశ్‌లో పలుచటి సంచులు మళ్ళీ బజారుకొచ్చాయి. కాగితం మీద కఠినంగా ఉన్నది బంగ్లాదేశే.

ఫ్రీమాంట్_చందు
కాలిఫోర్నియా సంగతి ఇంకా తమాషా. 2014లో చట్టం, 2016లో ఓట్లు వేసి ఖాయం చేసుకున్నారు. పలుచటివి మాయం, 2.25 మిల్లు (సుమారు 57 మైక్రాన్లు) దాటితే "మళ్ళీ వాడుకునే సంచి" అని పది సెంట్లకు అమ్మొచ్చు. జనం పది సెంట్లని లెక్కచెయ్యలేదు. దళసరి సంచి కూడా ఒక్కసారికే వాడి పారేశారు. చెత్తలో సంచుల బరువు తగ్గాల్సింది పోయి పెరిగింది. చివరికి 2024లో ఇంకో చట్టం చేసి 2026 జనవరి 1 నుంచి కౌంటర్ల దగ్గర ఆ దళసరివి కూడా తీసేశారు. కాబట్టి ప్రసాద్ గారి "మందం అంటే ధర" అన్న మాట ఆ ధర జేబుకి తగిలితేనే నిజం.

ఫిల్మ్‌ప్లాంట్_ప్రసాద్
ఒప్పుకుంటా. పది సెంట్లు అక్కడ చిల్లర. ఐదు రూపాయలు ఇక్కడ రెండువేల బిల్లులో చిల్లర, ముప్పై రూపాయల కూరగాయల్లో కాదు. బండి దగ్గర 120ది ఎందుకు రాదో ఇందులోనే ఉంది. అక్కడ పట్టుబడితే పోయేది బండివాడి రోజు సంపాదన, పలుచటి కవరు రాత్రిపూట తయారుచేసే యూనిట్ మాత్రం దొరకదు. బండ్లని తనిఖీ చేయడం మునిసిపాలిటీ పని, యూనిట్లు కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) పని. ఫొటోలు ఎప్పుడూ బండ్ల దగ్గరే దిగుతారు.

పశువుల_డాక్టరు
ఊరు కట్టే ఖర్చుల్లో ఆవుని మర్చిపోయారు.

ఆవు కవరు కోసం కవరు తినదు. లోపల అన్నం, కూరగాయ తొక్కలు వేసి పైన ముడి వేస్తారు కదా, ఆ ముడి దానికి విప్పడం రాదు. ఆవు నమిలి మింగే రకం కాదు, ముందు మింగి తర్వాత నెమరేసే రకం. నాలుకతో చుట్టి మొత్తం లాగేస్తుంది. తిండి అరుగుతుంది, కవరు పెద్దపొట్టలో (రూమెన్) ఉండిపోతుంది. దాటి వెళ్ళాల్సిన దారి ఇరుకు, కాబట్టి ఏళ్ళ తరబడి ఒకదానికొకటి పెనవేసుకుని తాళ్ళు, గుడ్డలు, రబ్బరు బ్యాండ్లతో కలిసి గట్టి ముద్ద అవుతుంది. 30, 40 కిలోలు తీసిన కేసులున్నాయి.

లక్షణాలు: ఎడమ డొక్క తరచు ఉబ్బడం, మందుకి తగ్గి మళ్ళీ రావడం, నెమరు తగ్గడం, పేడ కొంచెం కొంచెంగా పడటం, పాలు తగ్గడం. పొట్ట నిండుగా కనపడుతుంది, వెన్ను మాత్రం ఎముక తేలుతుంది. ఎక్స్‌రేలో కవరు కనపడదు. అయస్కాంతం మింగిస్తే మేకులు, తీగలు పట్టుకుంటుంది తప్ప ప్లాస్టిక్‌ని ఏమీ చేయదు. మందుతో కరిగించే దారి లేదు. ఎడమ డొక్కకి మత్తిచ్చి, ఆవుని నిలబెట్టే, కోసి చేత్తో తీయాలి. దాన్నే రుమెనోటమీ అంటాం. బాగా నీరసించాక వస్తే ఆపరేషన్ తట్టుకోదు. మెడలో తాడు లేని ఆవుకి ఆ ఖర్చు ఎవరు పెడతారు? గోశాలో, చందాలో.

మైక్రాన్_మావ
ఇదే విషయం మీద పుట్టపర్తిలోని కరుణ సొసైటీ 2012లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. బహిరంగ చెత్తకుప్పలు, ప్లాస్టిక్ సంచుల వల్ల పశువులు చస్తున్నాయని. మన అనంతపురం నేల నుంచి వెళ్ళిన పిటిషన్ అది.

కృష్ణలంక_క్రాంతి
డాక్టరు గారూ, మరి ఇంట్లో తడిచెత్త ఎలా పెట్టాలి? ముడి వేయకపోతే కుక్కలు చిందరవందర చేస్తాయి.

పశువుల_డాక్టరు
మూత ఉన్న బకెట్‌లో కవరు లేకుండా వేసి, బండి వచ్చినప్పుడు నేరుగా గుమ్మరించండి. అడుగున పాత పేపరు వేస్తే కడగడం తేలిక. బండి రాని వీధైతే కవరు నోరు విప్పి, తొక్కలు విడిగా పోసి, ఖాళీ కవరు పొడిచెత్తలో వేయండి. ముడి లేని ఖాళీ కవరు జోలికి ఆవు అంతగా పోదు, ఉప్పు వాసన అంటిందైతే తప్ప.

కంపోస్టు_కమల
కవర్లోనే తడిచెత్త వేసేవాళ్ళ కోసం "కంపోస్టబుల్" అని ఆకుపచ్చ కవర్లు వచ్చాయి. వాటికి మందం నిబంధన లేదు, అందుకే వాటి పేరు పెట్టుకుని మామూలువి అమ్ముతున్నారు. అసలువైతే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) ధ్రువపత్రం సంఖ్య, ఐఎస్/ఐఎస్ఓ 17088 అని ఉండాలి. "బయో", "ఎకో", "ఆక్సో" అని ఆకు బొమ్మ వేస్తే చాలదు.

ఇంట్లో ఒక పరీక్ష. చిన్న ముక్క కోసి, సబ్బునీళ్ళ చుక్కతో రుద్ది గాలి బుడగలు పోగొట్టి, గ్లాసు నీళ్ళలో ముంచి వదలండి. పాలిథీన్ తేలుతుంది. పిండి, పీబీఏటీ అనే కుళ్ళే ప్లాస్టిక్ కలిపిన కంపోస్టబుల్ రకం మునుగుతుంది. కాకపోతే ప్రసాద్ గారు చెప్పిన సుద్ద ఎక్కువ కలిపిన పాలిథీన్ కూడా మునుగుతుంది. కాబట్టి తేలితే మోసం ఖాయం, మునిగితే అసలుదని ఖాయం కాదు.

బూడిద_గుమ్మడి
అబద్ధం తేలిపోతుందన్న మాట ఇన్నాళ్ళకి అచ్చంగా నిజమైంది.

నాలా_పక్కిల్లు
తిరుపతి లడ్డు కవర్లు గవ్వే కదా?

కంపోస్టు_కమల
అవే రకం. 2021 ఆగస్టులో తిరుమల లడ్డు కౌంటర్ల దగ్గర డీఆర్‌డీఓ వాళ్ళ మొక్కజొన్న పిండి సంచులు మొదలుపెట్టారు. మంచి పనే. కానీ జనం అనుకునేట్టు వాన తగిలితే కరిగిపోవు. పైన చెప్పిన 17088 ప్రమాణం ప్రకారం పరీక్ష 58 డిగ్రీల వేడిలో, ఆరు నెలల్లో తొంభై శాతం కుళ్ళాలి. ఆ వేడి పెద్ద కంపోస్టు యార్డు కుప్ప నడుమ వస్తుంది. పెరటి డ్రమ్ములో కొద్దిరోజులు వచ్చినా నిలవదు, మురుగుకాలువలో అసలే రాదు. జాలీకి అతుక్కోవడంలో అది మామూలు కవరుకి ఏమీ తీసిపోదు. పైగా పాత కవర్లతో కలిపి రీసైక్లింగుకి పంపితే ఆ దాణా పాడు.

ఫిల్మ్‌ప్లాంట్_ప్రసాద్
నిజం. కరిగించి బుడగలా ఊది కవరు చేసేటప్పుడు పొరలో రంధ్రాలు పడతాయి, బుడగ తెగిపోతుంది.

వరంగల్_వాణి
గుడ్డ సంచి అని బట్టల షాపుల ఇచ్చేదాని గురించి ఎవరూ అనలే. అది గుడ్డ కాదు, నాన్ వోవెన్. పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. దగ్గర పెట్టి చూస్తే నేత పోగులు ఉండవు, వరుసగ చిన్న చిన్న చుక్కల ఒత్తు ఉంటది. అంచు దారం లాగితే రాదు. చిన్న ముక్క చిమటతో పట్టుకుని అంటిస్తే మైనం లెక్క కరిగి చుక్క పడుతది. నూలైతే కాగితం వాసన వచ్చి బూడిదైతది. (బయట చేయండి, చేతి మీద చుక్క పడితే ఒలిచినా పోదు.)

వాటికి కనీసం 60 జీఎస్ఎం (చదరపు మీటరుకి 60 గ్రాములు) ఉండాలె. 30×40 సంచి పిడులు కాక 14.4 గ్రాములు తూగాలె. మిఠాయి కొట్ల ఇచ్చే డీ-కట్ (పిడి కోసం రంధ్రం కోసిన) సంచులు చాలావరకు అంతకు సగం కూడ ఉండవు. ఎండల చాన్నాళ్ళు తగిలేస్తే పొడి పొడి రాలుతది, ఏరనీకి కూడ ఏం మిగలదు.

కిరాణా_కొట్టు
అయితే పేపరు సంచే మేలు కదా? పాత పేపర్లతో చేసినవి చవగ్గా దొరుకుతాయి.

మైక్రాన్_మావ
సబ్బులకీ మేకులకీ సరే. తినే వస్తువు నేరుగా న్యూస్‌పేపర్లో చుట్టకూడదు, సిరా అంటుతుందని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వద్దంది. మీరు ముందు అడిగిన అరకిలో పప్పు కవరు సంగతి కూడా చెప్తా. పిడి లేకుండా సరుకు ప్యాక్ చేసే పొరకి 120 కాదు, 50 మైక్రాన్లు చాలు. ముందే సీలు చేసి వచ్చిన ప్యాకెట్టు క్యారీ బ్యాగు లెక్కలోకి రాదు. పాల ప్యాకెట్టు అందుకే బతికిపోయింది. తనిఖీకి వచ్చినవాళ్ళకి ఈ తేడా చెప్పగలిగితే సగం జరిమానాలు తప్పుతాయి.

బూడిద_గుమ్మడి
హోటల్ పార్సిల్‌లో సాంబారు కవరు, చట్నీ కవరు, ఇంకో చట్నీ కవరు, వాటన్నిటికీ కలిపి పెద్ద కవరు. దీన్ని ఏ నిబంధన కింద వేస్తావ్ మావా?

మైక్రాన్_మావ
ఆకలి కింద. నిజంగా అడిగితే, రీసైకిల్ ప్లాస్టిక్ కవర్లో తినడానికి సిద్ధంగా ఉన్న ఆహారం ఇవ్వకూడదని 2016 నిబంధనల్లో ఉండేది, 2021 సవరణలో ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణాలకు లోబడితేనే ఇవ్వొచ్చని మార్చారు. నల్ల కవర్లు ఎక్కువగా ఆ కలగాపులగం సరుకుతో చేసినవే, నలుపు పాత రంగులన్నిటినీ కప్పేస్తుంది. మటన్ కొట్టులో నల్ల కవరు ఇస్తే వద్దనండి.

నాలా_పక్కిల్లు
నల్ల కవరు వైన్‌షాపు కోసమే పుట్టింది. దాని ఇజ్జత్ తీయకుండ్రి.

ఫ్రీమాంట్_చందు
ఎదురు వాదన ఒకటి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 అధ్యయనం ప్రకారం మామూలు నూలు సంచిని 7,100 సార్లు వాడితే గానీ ప్లాస్టిక్ కవరుకి సమానం కాదు, ఆర్గానిక్ నూలైతే 20,000 సార్లు. మరి గుడ్డ సంచి పట్టుకోమనడంలో అర్థం ఉందా?

కంపోస్టు_కమల
ఆ 7,100 అన్ని కొలమానాలూ కలిపి, వాటిలో అన్నిటికంటే చెడ్డగా వచ్చిన ఓజోన్ పొర లెక్క పట్టుకుని చెప్పింది. అదే అధ్యయనంలో వాతావరణం లెక్క ఒక్కటే చూస్తే నూలుకి 52 సార్లు, ఆర్గానిక్‌కి 149. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011 లెక్కలో నూలుకి 131, నాన్ వోవెన్‌కి 11, కాగితానికి 3. రోజూ కూరగాయలకి వెళ్ళే ఇంట్లో 52 అంటే రెండు నెలలు. పైగా డెన్మార్క్‌లో వాడిన కవరు చివరికి ఇంటి చెత్త సంచిగా మారి బాయిలర్లో కాలుతుంది. జాలీకి అడ్డంపడటం, ఆవు పొట్టలో చేరడం ఆ పట్టికలో గడులే లేవు. మనూరి ఖర్చు ఆ రెండింట్లోనే ఉంది.

అయితే చందు గారి మాటలో పస లేకపోలేదు. పెళ్ళిళ్ళలో తాంబూలానికి ఒక్కొక్కరికి ఒక కొత్త నూలు సంచి ఇస్తున్నారు చూడండి, అది ఇంట్లో పదకొండోదై అలమరలో పడుంటే కవరు కంటే దండగే.

పూడికతీత
ఇంకో ఇద్దరు "కవర్లని రోడ్లలో వేస్తే పోలేదా" అని ప్రైవేటుగా అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తా. మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ వాసుదేవన్ పద్ధతి అది, దాని మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఎస్‌పీ 98 (2013) మార్గదర్శకం ఉంది. వేడి కంకర మీద తురిమిన పాలిథీన్ చల్లితే కరిగి పూత పడుతుంది, తర్వాత తారు. ప్లాస్టిక్ తారు బరువులో 6 నుంచి 8 శాతం. మట్టి లేకుండా, తడి లేకుండా, పీవీసీ కలవకుండా ఇవ్వాలి. ఫ్లెక్సీ ముక్క (అది పీవీసీయే) ఒక్కటి పడినా హైడ్రోజన్ క్లోరైడ్ పొగ. పలుచటి పొరలే కంకరకి బాగా పడతాయి. అంటే రోడ్డుకి నప్పేది పలుచటి కవరు, ఏరుకోవడానికి నప్పేది దళసరి కవరు. ఈ చిక్కుముడి ఎవరూ విప్పలేదు.

నాలా_పక్కిల్లు
కాలవెడితే?

మైక్రాన్_మావ
బయట కాలిస్తే 2016 డిసెంబరు జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఉత్తర్వు ప్రకారం జరిమానా 5,000, పెద్ద ఎత్తున అయితే 25,000. అల్మిత్రా పటేల్ వేసిన కేసులో వచ్చింది అది.

కృష్ణలంక_క్రాంతి
సరే, ఇంటికి మూడు సంచులు చాలనిపిస్తోంది. చేపలకి ఏం చేయాలి? గుడ్డ సంచిలో వేస్తే వాసన వారం ఉంటుంది.

కిరాణా_కొట్టు
మూత బిగుసుకునే స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. ముందు ఖాళీ డబ్బా కాటా మీద పెట్టి టేర్ నొక్కమనండి, సున్నా చూపించాకే చేప వేయించండి. నొక్కకపోతే డబ్బా బరువుకి కూడా చేప రేటు కడతారు. కోసిన తర్వాత తూచే చోట ఈ పేచీ ఎక్కువ.

వరంగల్_వాణి
కూరగాయల సంచి ఇంట్లనే కుట్టుకోవచ్చు. 90 సెంటీమీటర్ల పన్నా ఉన్న గాడా గుడ్డ ఒక మీటరు తీసుకుంటే సరిగ్గ రెండు సంచులు, ముక్క మిగలదు.

పొడవుల 88 సెంటీమీటర్లు కోసి, పన్నాని 45 చొప్పున రెండు చేయుండ్రి. ఒక్కొక్క ముక్క మడిచి పక్కలు కుట్టుండ్రి, ఒకటిన్నర సెంటీమీటర్ల కుట్టు పోతే వెడల్పు 42. పైన రెండు వైపులా 4 సెంటీమీటర్లు మడిస్తే లోతు 40. మిగిలిన 12 సెంటీమీటర్ల పట్టీని 6 చొప్పున రెండు చీల్చి, వాటిని సగానికి కోస్తే 45 పొడవు పిడులు నాలుగు. ఒక్కోటి నాలుగు మడతలు పెట్టి కుడితే ఒకటిన్నర వెడల్పు.

సంచి చిరిగేది ఎప్పుడూ పిడి కాడనే. పిడి కొసలు పై మడత లోపలికి 4 సెంటీమీటర్లు దూర్చి, చదరం లెక్క కుట్టి, మధ్యల అడ్డదిడ్డంగ ఇంటూ గుర్తు కుట్టు వేయాలె. ఒక్క వరస కుట్టుకి ఐదు కిలోల ఉల్లిగడ్డ ఆగదు. అడుగు మూలలు రెండుసార్లు కుట్టుండ్రి.

ఫ్రీమాంట్_చందు
రెండు కొసలూ లోపలికి పోను మిగిలే 37 సెంటీమీటర్ల పిడి భుజానికి రాదు కదా?

వరంగల్_వాణి
రాదు, చేతికే. భుజానికి కావాలంటే పిడులకి వేరే గుడ్డ తీసుకోవాలె, 65 పెట్టుకోండి.

కృష్ణలంక_క్రాంతి
రేపే గాడా గుడ్డ తెస్తున్నా. ఆ సూపర్‌మార్కెట్ కవర్లు ఇంట్లో పద్నాలుగున్నాయి, ఒకటి కోసి తూచాను. పది ముక్కలకి 8 గ్రాములు వచ్చింది. సుద్ద కలపకపోతే 84 మైక్రాన్లు! అచ్చేసింది మాత్రం 120.

ఫిల్మ్‌ప్లాంట్_ప్రసాద్
మీ కాటా ఎన్ని గ్రాముల మెట్టు వేస్తుంది? ఒక గ్రాము మెట్టయితే 7.5 నుంచి 8.5 మధ్య ఏదైనా కావచ్చు. ఇరవై ముక్కలు కోసి మళ్ళీ తూచండి. అయినా 120కి అందదు లెండి. నమోదు సంఖ్య కనపడేలా ఫొటో తీసి, బిల్లు జతచేసి పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి పంపండి.

వరంగల్_వాణి
గుడ్డ కొలతల కంటే కొంచెం ఎక్కువే తీసుకో, తేంగనే కోయకు. ఒక రాత్రి నీళ్ళల నానబెట్టి ఆరేసినంక కొలువు. కోరా గుడ్డ మొదటి తడుపుకి గుంజుకుంటది, లేకపోతే 40 లోతు అనుకున్నది 38కి వస్తది.